ముక్కుకి పడనివి వేరు, పొట్టకి పడనివి వేరు

మొన్న ఆదివారం మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, పాలు మానేశా, పెరుగు మానేశా, చపాతీ మానేశా, వంకాయ టమాటా అరటిపండు అన్నీ మానేశా, అయినా ముక్కు తెరుచుకోవట్లేదు, ఇంకేం మానెయ్యాలో నువ్వే చెప్పు" అంది. మాట మొత్తం ముక్కులోంచే వస్తోంది, మధ్యలో రెండుసార్లు ఫోన్ పక్కనపెట్టి చీదుకొచ్చింది. వింటుంటే నా ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే తొమ్మిదేళ్ళ కిందట ఇదే మాట నేనూ ఒక డాక్టరు గారి ముందు కూర్చుని అన్నా. అప్పటికి నేను తింటున్నవి అన్నం, బీరకాయ, సొరకాయ, పెసరపప్పు, అంతే. ముక్కు దిబ్బడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

దానికి ఫోన్లో గంటన్నర చెప్పా. చెప్పిందంతా ఒకచోట రాసిపెడితే దాని లాంటి వాళ్ళు ఇంకెవరైనా చదువుకుంటారని ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, చిన్నప్పట్నుంచీ ఈ ముక్కుతో బతుకుతున్న మనిషిని, ఇక్కడ రాసేవి నేను పడ్డవీ, అడిగి తెలుసుకున్నవీ.

మన తెలుగులో "పడదు" అని ఒక మాటుంది కదా. వంకాయ పడదు, పాలు పడవు, దుమ్ము పడదు, ఆ ఊరి నీళ్ళు పడలేదు, చల్లగాలి పడదు. ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట, ఒక్క ముక్కతో అందరికీ అర్థమైపోతుంది, ఇంకెవరూ బలవంతం చెయ్యరు. కానీ నా విషయంలో ఆ మాటే నన్ను ఏళ్ళ తరబడి తప్పుదారి పట్టించింది, ఎందుకంటే అందులో నాలుగైదు వేరువేరు జబ్బులు కలిసిపోయి ఉన్నాయి, దేని కారణం దానిది, దేని మందు దానిది. నేను అన్నిటికీ ఒకటే మందు వాడా, తినడం మానెయ్యడం.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మిరపకాయలు కల్లంలో ఆరబోసే రోజుల్లో ఊరంతా తుమ్ముతూనే ఉంటుంది కాబట్టి నా తుమ్ములు ఎవరికీ వింతగా అనిపించలేదు. కాకపోతే కాయలు యార్డుకి వెళ్ళిపోయాక అందరివీ ఆగిపోయేవి, నావి ఆగేవి కాదు. పొద్దున లేవగానే వరసగా పదిహేను ఇరవై, ఆ తర్వాత నీళ్ళలా కారడం, పదింటికల్లా దిబ్బడ, సాయంత్రానికి కళ్ళ కిందా బుగ్గల ఎముకల్లో బరువు, ముందుకి వంగితే ముఖంలో రాయేదో జరిగినట్టు నొప్పి. మా నాయనమ్మ "పడిశం పది రోగాల పెట్టు" అంటూ పసుపుకొమ్ము దీపం మీద కాల్చి ఆ పొగ పీల్చమనేది. ఒక మృగశిర కార్తెకి నాన్న హైదరాబాద్ తీసుకొచ్చి చేప ప్రసాదం కూడా వేయించాడు, రాత్రంతా లైన్లో నన్ను భుజాన వేసుకుని నిలబడ్డాడు పాపం. నా ముక్కుకి దానివల్ల ఏమీ కాలేదు, కానీ నాన్న భుజం మీద ఆ రాత్రి నాకు బాగా గుర్తు.

పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక ఇంకా ముదిరింది. ఇంటి దగ్గర ఒక క్లినిక్‌కి వెళ్తే ప్రతిసారీ ఐదు రోజుల యాంటీబయాటిక్ రాసేవాళ్ళు, ఒక ఏడాదిలో ఆరు కోర్సులు వాడా. మామూలుగా వచ్చే సైనస్ ఇన్ఫెక్షన్లు చాలావరకు వైరస్‌తో వచ్చేవే, వాటికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, ఎలర్జీకి అసలే పనిచెయ్యదు, ఈ సంగతి నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇంకోపక్క ముక్కులో చుక్కల మందు అలవాటైంది. వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తలుపు తీసినట్టు తెరుచుకునేది, ఆ సుఖం అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. సీసా ఒకటి హ్యాండ్‌బ్యాగ్‌లో, ఒకటి దిండు కింద, ఒకటి ఆఫీసు సొరుగులో. ఆ జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ రకం చుక్కలు మూడు నుంచి ఐదు రోజులకి మించి వాడకూడదు, మించితే మందు దిగిన ప్రతిసారీ ముక్కు లోపల ముందుకంటే ఎక్కువ వాస్తుంది, అప్పుడు దిబ్బడకి కారణం జబ్బు కాదు మందే. నేను రెండేళ్ళు వాడా. రెండేళ్ళు!

అప్పుడే ఒక ల్యాబ్ వాళ్ళ ప్యాకేజీ గురించి ఆఫీసులో చెప్పారు, ఒక్క రక్తపరీక్షతో రెండొందల పైచిలుకు ఆహారాల్లో ఏవి పడవో చెప్పేస్తారని. 12,000 కట్టి చేయించుకున్నా. రంగురంగుల రిపోర్టు వచ్చింది, ఎర్ర గడుల్లో పాలు, పెరుగు, గోధుమ, కందిపప్పు, టమాటా, వేరుశెనగ, అరటిపండు ఇలా ముప్ఫై నాలుగు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించుకుని ఎనిమిది నెలలు వ్రతంలా పాటించా, కందిపప్పు లేకుండా, పెరుగన్నం లేకుండా, ఇడ్లీలోకి పల్లీ చట్నీ లేకుండా. ఏడు కిలోలు తగ్గా. మా అత్తయ్య రోజూ కంచం దగ్గర నిలబడి "ఇంత మెతుకు పెరుగేసుకో అమ్మాయ్, చిక్కి సగమయ్యావు" అని బతిమాలేది. పండగ పూట నేను తినట్లేదని ఆవిడా సరిగా తినేది కాదు.

ఆ కాగితం పట్టుకునే ఎలర్జీ చూసే ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళా. ఆయన దాన్ని ఒకసారి తిరగేసి, "అమ్మా, ఇందులో ఎర్రగా ఉన్నవన్నీ మీరు రోజూ తినేవే కదా" అని అడిగారు. అవునన్నా. "అదే ఈ పరీక్ష చెప్తోంది, మీరు ఇవి తింటారని." ఆ పరీక్ష కొలిచేది ఐజీజీ అనే యాంటీబాడీలట, మనం తిన్న ఆహారాన్ని ఒళ్ళు గుర్తుపట్టిందనడానికి అవి గుర్తు, పడదనడానికి కాదు. యూరప్ ఎలర్జీ డాక్టర్ల సంఘం 2008లో, కెనడా వాళ్ళు 2012లో ఈ పరీక్ష మీద ఆధారపడి ఆహారం మానొద్దని స్పష్టంగా రాశారు. ఎలర్జీకి సంబంధించింది ఐజీఈ అనే ఇంకో రకం యాంటీబాడీ, అది వేరు. మా చెల్లి చేతిలో ఉన్నది కూడా అచ్చం ఇలాంటి రిపోర్టే, అందుకే ఈ పేరా ఇంత పొడుగు రాశా.

"నాకు సైనస్ ఉందండీ" అంటే ఆయన "సైనస్ అందరికీ ఉంటుందమ్మా, నాలుగు జతలు, మీకు వాపు ఉంది" అన్నారు. బుగ్గ ఎముక లోపల ఉండే గదుల గురించి కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. నీళ్ళతొట్టికి తూము అడుగున పెడతాం కదా, ఈ గదికి తూము పైన ఉంటుందట. అంటే నిలబడినా కూర్చున్నా లోపలి జిగురు దానంతటది జారిపోదు, లోపలి పొర మీద కంటికి కనిపించని సన్నటి నూగు ఉండి అది ఒకే దిక్కుకి అలలా కదులుతూ జిగురుని పైకి తోసి తూములోంచి బయటికి పంపాలి. ఎలర్జీతో ముక్కు లోపల వాస్తే ఆ తూము మూసుకుపోతుంది, లోపలిది లోపలే నిలవ ఉంటుంది, బరువు, నొప్పి, వాసన తెలియకపోవడం, గొంతులోకి జారడం, ఆపైన ఇన్ఫెక్షను. కాబట్టి ముందు వాపు ఎందుకొస్తోందో పట్టుకోవాలి అన్నారు. ఇరవై ఏళ్ళుగా ముఖంలో మోస్తున్న దాని బొమ్మ నేను మొదటిసారి చూడటం అప్పుడే.

వారం రోజులు సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్రలన్నీ ఆపించి స్కిన్ ప్రిక్ టెస్ట్ చేశారు. ముంజేతి లోపలి వైపు పెన్నుతో అంకెలు రాసి ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క ద్రవం పెట్టి, ఒక్కో చుక్కలోంచి సన్నటి మొనతో చిన్న గీటు, చీమ కుట్టినంత. ఆ తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు చెయ్యి కదపకూడదు, గోకకూడదు. మొదటిది ఉట్టి ఉప్పునీళ్ళు, రెండోది హిస్టమిన్, అంటే ఎలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలై దురద, వాపు తెచ్చే పదార్థం, అది అందరికీ పొంగాలి, పొంగకపోతే పరీక్ష చెల్లదు. హిస్టమిన్ చుక్క మెల్లగా దోమ కుట్టినట్టు లేచింది. మూడోది డస్ట్ మైట్, కంటికి కనిపించని దుమ్ముపురుగు, అది లేచి హిస్టమిన్‌ని దాటి అంచులు వంకరటింకరగా పాకి పక్క అంకెని కూడా కప్పేసింది, దురద చెప్పలేను, పళ్ళు కరుచుకుని కూర్చున్నా. బొద్దింకది పొంగింది, వయ్యారిభామ పుప్పొడి పొంగింది. పాలు, గోధుమ, కందిపప్పు, గుడ్డు, వేరుశెనగ ఉన్న వరస మాత్రం శుభ్రంగా చర్మం రంగులోనే ఉండిపోయింది. ఆ వరస చూసి నేను ఏడ్చేశా, ఎనిమిది నెలలు మానేసినవి అవే.

తినేవాటిల్లో ఇంకో వరసలో ఒక్కటి మాత్రం చిన్నగా లేచింది, వంకాయ. గుత్తొంకాయ తింటే నాలుక దురద, పెదవులు చిమచిమ నాకు చిన్నప్పట్నుంచీ ఉంది, మా అమ్మ "లేతవి కావులే" అనేది. మైసూరులో ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు వంకాయ ఎలర్జీ మీద పనిచేసి అది మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువని, ఎలర్జీ కలిగించే పదార్థాలు తొక్కలోనే ఎక్కువని చూపించారు. ఇది అసలైన ఎలర్జీ, ఇది నేను మానేశా, మనసుకి కష్టమే అయినా మానేశా. ఇలాంటిది ఎవరికైనా పెదాలు, గొంతు వాచేదాకా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో మళ్ళీ తిని చూడటాలు పెట్టుకోవద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

మిగతావి ఒక్కొక్కటి విడదీసుకున్నాం. పాలు తాగితే నాకు పొట్ట ఉబ్బరం, గుడగుడ, ఒక్కోసారి విరేచనం. అది ఎలర్జీ కాదు, పాలల్లోని చక్కెరని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము పెద్దయ్యాక తగ్గిపోవడం, మన దేశంలో చాలామందికి ఉండేదే. దానికీ ముక్కుకీ సంబంధం లేదు. పెరుగు నాకు పడుతుంది, ఎందుకంటే తోడుకునేటప్పుడు ఆ చక్కెర కొంత బ్యాక్టీరియానే తినేస్తుంది. మరి పాలు పెరుగు తింటే కఫం పెరుగుతుందని అందరూ అంటారే అని అడిగా. ఆస్ట్రేలియాలో 60 మందికి కావాలని జలుబు వైరస్ ఎక్కించి, ఎవరు ఎంత పాలు తాగారో రాసుకుని, చీదిన టిష్యూలు తూకం వేసి మరీ చూశారట, 1990లో వచ్చింది ఆ పరిశోధన, ఎక్కువ పాలు తాగినవాళ్ళకి ఎక్కువేమీ కారలేదు. పాలు లాలాజలంతో కలిసి గొంతులో చిక్కగా అనిపిస్తాయి, దాన్నే మనం కఫం అనుకుంటాం. ఆ రోజు ఇంటికెళ్ళి అత్తయ్యని పెరుగు వెయ్యమన్నా. ఆవిడ ఏమీ మాట్లాడలేదు, గిన్నె మొత్తం నా ముందుకి జరిపింది, దాంతోపాటు మాగాయ కూడా.

కారం తిన్నప్పుడు ముక్కు కారడం ఇంకో రకం. గుంటూరు కారంతో పచ్చడి కలిపి రెండో ముద్దకే ముక్కు కుళాయి అయిపోతే అది మిరపకాయ ఎలర్జీ కాదు, కారం ముక్కు నరాలని తట్టడం వల్ల వచ్చే నీళ్ళు, దురద ఉండదు, తుమ్ములు పెద్దగా ఉండవు, తినడం అయిపోగానే ఆగిపోతుంది. ఎండుచేపలు, ఫ్రిజ్‌లో మూడు రోజులున్న చేపల పులుసు తిన్నప్పుడు మాత్రం నాకు ముఖం వేడెక్కి ముక్కు దిబ్బడేసి తలనొప్పి వచ్చేది, తాజా చేపకి ఏమీ కాదు. నిలవ చేపలో హిస్టమిన్ తయారవుతుంది, ఎంత ఉడికించినా అది పోదు. కొందరికి హిస్టమిన్ ఒంట్లో సరిగా విరగదంటారు, దీనికి ఇదమిత్థంగా తేల్చే పరీక్ష లేదు, డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. నేను చేసింది ఒక్కటే, చేప వండిన రోజే తినడం. ఇంకో ప్రశ్న కూడా ఆయన గట్టిగా అడిగారు, నొప్పి మాత్రలు వేసుకుంటే ముక్కు దిబ్బడ, ఆయాసం వస్తాయా అని. ముక్కులో కండలు పెరిగి, ఆస్తమా ఉండి, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి పడని వాళ్ళు కొందరుంటారు, వాళ్ళకి ఒక్క మాత్ర కూడా ప్రమాదమే. నాకు లేదు, కానీ మీకుంటే ప్రతి డాక్టరుకీ ముందే చెప్పండి.

గోధుమ సంగతి మేమే తేల్చుకున్నాం, మూడు వారాలు పూర్తిగా మానేసి, తర్వాత మూడు రోజులు వరసగా చపాతీలు తిని, రోజూ ముక్కుకి పదికి ఎన్ని మార్కులో క్యాలెండర్ మీద రాసుకుని. మార్కులేమీ మారలేదు. ఒక్కసారి ఒక్కటే మానాలి, మళ్ళీ తిని చూడాలి, ఆ రెండో సగం చాలామంది చెయ్యరు. మా చెల్లి ఆరు ఒకేసారి మానేసింది, ఇక ఏది దేనివల్లో ఎలా తెలుస్తుంది?

ఇంతకీ నా ముక్కుకి అసలు శత్రువు కంచంలో లేదు, దిండులో ఉంది. పెళ్ళప్పుడు అమ్మ తన పాత వెంకటగిరి చీర చింపి గలీబు కుట్టి, బూరుగు దూది తనే ఏరి కూరి ఇచ్చిన దిండు. పన్నెండేళ్ళు దాని మీదే పడుకున్నా, ఎక్కడికెళ్ళినా తీసుకెళ్ళేదాన్ని. డస్ట్ మైట్లు మన ఒంటి మీంచి రాలే చర్మం పొట్టు తిని బతుకుతాయి, నీళ్ళు తాగవు, గాలిలో తేమని పీల్చుకుంటాయి, మనిషి వెచ్చదనం చెమ్మా ఉండే దిండు వాటికి ఇల్లు, వాటి రెట్టలోని ప్రోటీనే మనకి పడనిది. ఎండలో వేస్తే అవి చస్తాయేమో కానీ ఆ రెట్ట అక్కడే ఉంటుంది, 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. దూది తీసేసి, గలీబు వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి కొత్త దిండుకి వేశా. దుమ్ముపురుగు దూరని నేత కవర్లు పరుపుకీ దిండ్లకీ తొడిగాం, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్ళలో ఉతుకుతున్నాం. పడగ్గదిలో కర్టెన్లు తీసేశాం, బూజు దులిపే రోజు నేను ఇంట్లో ఉండను, అగరొత్తులు, దోమల చక్రం ఆపేశాం (అవి ఎలర్జీ కాకపోయినా వాచిన ముక్కుని రేపుతాయి). అమ్మకి ఫోన్ చేసి దిండు సంగతి చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది. "దూది పోతే పోయింది, చీర ఉంది కదే" అంది.

మందుల విషయం. ఫ్లూటికాసోన్ స్ప్రే రాశారు, స్టెరాయిడ్ అని భయపడ్డా, ముక్కులో పనిచేసేంత చిన్న మోతాదు, ఒంట్లోకి చాలా తక్కువ వెళ్తుంది. ఇది చుక్కల మందులా వెంటనే తెరవదు, పూర్తిగా పనిచెయ్యడానికి రెండు వారాలు పట్టొచ్చు, నాలుగు రోజులు చూసి ఆపేసేవాళ్ళే ఎక్కువ. తల కొంచెం కిందికి వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, మొన బయటి వైపు కంటి కొసకి చూసేలా, మధ్య గోడకి తగలకుండా. గట్టిగా ఎగబీల్చకూడదు, గొంతులోకి వెళ్ళిపోతుంది. చుక్కల మందు ఒకేసారి ఆపలేకపోతే ముందు ఒక ముక్కుకి ఆపమన్నారు, వారానికి అది తెరుచుకుంది, అప్పుడు రెండోది. మొదటి మూడు రాత్రులు కూర్చునే నిద్రపోయా. మాంటెలుకాస్ట్ అనే ఎలర్జీ మందు కలిసిన మాత్ర కొన్నాళ్ళు వాడా కానీ పీడకలలు, ఊరికే దిగులు మొదలైతే చెప్పా, వెంటనే మార్చారు. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందు సమాచార పత్రంలో మనసుకి సంబంధించిన దుష్ప్రభావాల గురించి గట్టి హెచ్చరిక పెట్టించింది, పిల్లలకి వాడే అమ్మలు ఇది గుర్తుపెట్టుకోండి.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ హాయినిచ్చేది ఉప్పునీళ్ళ కడుగుడు. పొద్దున్నే పళ్ళు తోమాక సింకు మీదికి వంగి, నోటితో ఊపిరి తీసుకుంటూ, సీసా మెల్లగా నొక్కితే ఈ ముక్కులోంచి వెళ్ళి ఆ ముక్కులోంచి గోరువెచ్చగా జారిపోతాయి, కళ్ళ వెనక ఏదో తేలికైపోతుంది. లీటరుకి 9 గ్రాముల ఉప్పు, అంతకంటే తక్కువైతే మండుతుంది. నీళ్ళు మాత్రం కాచి చల్లార్చినవే వాడాలి. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు, కేరళలో మెదడుకి పాకే అమీబా కేసులు పేపర్లో చూశాం కదా, అది ముక్కులోంచే పైకెళ్తుంది.

ఇప్పటికీ వానలు తగ్గి ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ తెల్లగా పూసే రోజుల్లో నాకు కష్టమే, ఆ నెలల్లో మాస్కు లేకుండా బయటికి వెళ్ళను. కంటి చుట్టూ వాపు, చూపు మసక, తీవ్రమైన జ్వరంతో తలనొప్పి, వీటిలో ఏది వచ్చినా రేపు చూద్దాం అనుకోకూడదని ఇంట్లో అందరికీ చెప్పిపెట్టా. మా పాప ఈమధ్య అరచేత్తో ముక్కుని కింద నుంచి పైకి తోసుకుంటోంది, ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత కూడా పడుతోంది, ఎలర్జీ ఉన్న పిల్లలు అలాగే చేస్తారు. దాని దిండు కవర్ పోయిన వారమే మార్చా, పెరుగు మాత్రం మానిపించలేదు.

మా చెల్లికి ఎనిమిది రోజుల తర్వాత వచ్చే శుక్రవారానికి టెస్టు అపాయింట్‌మెంట్ దొరికింది, నేనే తీసుకెళ్తున్నా. సెట్రిజిన్ ఎప్పుడు ఆపాలో ముందే ఫోన్ చేసి కనుక్కోమన్నా, ఆ రిపోర్టు ఫ్రిజ్ మీంచి పీకెయ్యమన్నా. రాత్రి మళ్ళీ ఫోన్ చేసింది, పిన్ని పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి పెట్టిందట, తింటూనే మాట్లాడింది.